చెవులాయన విన్న మాట

“ఏంటీ? కూర్పా?”

“కూర్పు కాదండీ!”

“ఓర్పా? అది నా దగ్గర కావలసినంత ఉందిగా!”

వంటింట్లో మిక్సీ గుర్రుమంటోంది. ఆ రొదలోనే భార్య మరోసారి గొంతు పెంచింది. ఈసారి చెవులాయనకు స్పష్టంగా వినబడింది.

“మన పడకగదికి మార్పు కావాలండీ!”

ఆయన చేతిలో పేపరు జారిపోయింది. లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, “ఏం కావాలన్నావ్? ఇంకోసారి చెప్పు” అన్నాడు. ఆవిడ మిక్సీ ఆపి, హాల్లో కూర్చున్న తన తల్లి వైపు చూసింది. అత్తగారు వచ్చి వారమైంది.

“ఏం లేదు లెండి” అని ఆవిడ మళ్ళీ స్విచ్ వేసింది. ఖాళీ జారే గిర్రున తిరిగింది.

ఆయన్ని వీధంతా చెవులాయన అంటుంది. వినికిడి మిషన్లు అమ్మే షాపు ఆయనది. ప్రతి సోమవారం తన చెవుల్ని తానే పరీక్షించుకుని, ‘యజమాని వినికిడి: నూటికి నూరు’ అని రాసి షాపు అద్దానికి అంటిస్తాడు. ఆ కాగితం చూసే జనం లోపలికొస్తారు. చెవులే పెట్టుబడి, చెవులే పరపతి. అలాంటి చెవిన పడ్డ మాటను పెడచెవిన పెట్టడమెలా?

అయినా ఆవిడ అడిగిన దాంట్లో అన్యాయమేముంది? పద్దెనిమిదేళ్ళ కాపురం. ఆ ముచ్చట ఆదివారం నాడు, టీవీలో వార్తలకీ వాతావరణానికీ మధ్య ముగిసిపోతుంది. ‘తేలికపాటి జల్లులు’ అనేసరికి ఆయన గురక ఉరుముతుంటుంది. కాస్త కదిలితే చాలు, పరుపు మీది ప్లాస్టిక్ కవరు కరకరమని ఇల్లంతా చాటింపు వేస్తుంది. తీసేస్తే మాసిపోతుందని ఆవిడ తియ్యనివ్వదు.

ఆ సాయంత్రమే పక్కనున్న మందుల షాపు మిత్రుడి చెవిన వేశాడు.

“గురూ, మా ఆలుమగలకి కాస్త వైవిధ్యం కావాలి.”

“వైద్యమా? ఎన్నాళ్ళ నుంచి?” అంటూ మిత్రుడు బిళ్ళల డబ్బా అందుకున్నాడు.

“వైద్యం కాదయ్యా, వై-వి-ధ్యం! ముందు నీకు మిషన్ పెట్టాలి.”

మిత్రుడికి పెళ్ళి కాలేదు. కనక ధైర్యంగా మూడు చిట్కాలు చెప్పాడు.

మొదటిది అత్తరు. అల్లుడు అత్తరు పూసుకుంటే అత్తగారు పదకొండు తుమ్ములు తుమ్మింది. రెండోది ఎర్ర బల్బు. కింది వాటా ఆవిడ పనిగట్టుకుని పైకొచ్చి, “ఫొటోలు కడుగుతున్నారా అన్నయ్యగారూ?” అని అడిగి వెళ్ళింది. రెండుసార్లూ భార్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆయనకు అంతుబట్టలేదు. చెవుల పనైతే చెప్పేవాడే, కళ్ళ పని ఆయన శాఖ కాదు.

మూడోది కొత్తమనిషి ఆట. వేషం మార్చి, ఎవరో పరాయివాడిలా సొంతింటికే వెళ్ళాలి. రెండు రోజులు స్నానాలగదిలో గొంతు బొంగురు చేసుకుని సాధన చేశాడు. రెండో రోజు బయటికొస్తుంటే, “గురువారం మధ్యాహ్నం అన్నయ్య వచ్చి అమ్మని తీసుకెళ్తాట్ట” అంది భార్య, బట్టలు మడతపెడుతూ, గోడకి చెప్పినట్టు.

నా అదృష్టం అనుకున్నాడు చెవులాయన.

గురువారం మూడింటికి షాపు మూసి, కోరమీసం అంటించుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తన ఇంటి గంట తానే కొట్టాడు. తలుపు ఓరగా తెరుచుకుంది. ఆ అద్దాల్లోంచి చీర అంచు ఒక్కటే కనబడింది. అది చాలనుకున్నాడు.

“మీ ఆయన లేని టైమ్ చూసుకుని వచ్చాను!”

“మా ఆయన పోయి పదేళ్ళయిందిరా, దొంగ వెధవా!”

అత్తగారు! కళ్ళజోడు మర్చిపోయి వెనక్కి వచ్చింది. ఆవిడ కేకకి, కింద స్కూటర్ మీద ఎదురుచూస్తున్న బావమరిది మూడేసి మెట్లు ఎక్కి వచ్చి దొంగ కాలరు పట్టుకున్నాడు. పెనుగులాటలో మీసం ఊడి చేతికొచ్చింది.

“బావగారూ! మీరా?”

కింది వాటా ఆవిడ అప్పటికే పైకొచ్చేసింది. లోపల్నించి భార్య పరుగెత్తుకొచ్చింది, కొత్త చీరలో. అందరి చూపులూ ఆవిడ మీద పడ్డాయి.

“ఏంటే ఈ వేషాలు?” అంది తల్లి.

ఆవిడ ముఖం ఎర్ర బల్బులా వెలిగి ఆరింది.

“అంతా ఈయన చెవుల వల్లేనమ్మా! ఆ రోజు మిక్సీ తిప్పుతూ, పడకగదికి పరుపు కావాలండీ అన్నాను. ఈయన మార్పు అని విన్నట్టున్నారు. అప్పట్నించీ అత్తర్లూ, బల్బులూ, ఇదిగో... మీసాలూ!”

మెట్లు అదిరేలా నవ్వులు.

“పరుపుకీ మార్పుకీ తేడా తెలీలేదా బావగారూ? మీ షాపులో మీకేమైనా తగ్గిస్తారేమో కనుక్కోండి!”

“పరుపు రాకపోతే పోయె, పరువు పోయింది కదయ్యా అల్లుడూ!” అంది అత్తగారు, కళ్ళజోడు పెట్టుకుని మరీ చూస్తూ.

“మా మావగారికి మిషన్ మీ దగ్గరే కొందామనుకున్నాం. ఇక ఆలోచించాలి” అంది కింది వాటా ఆవిడ.

ఇరవయ్యేళ్ళ పరపతి ఇంటి గుమ్మంలోనే గుల్లయింది. చెవులాయన భార్య వైపు చూశాడు. ఆవిడ నేల చూపులు చూస్తోంది.

“అవునండీ... సరిగ్గా వినబడలేదు” అని, నూటికి నూరు మార్కుల చెవులు రెండూ పట్టుకున్నాడు.

అందరూ నవ్వుకుంటూ మెట్లు దిగారు. ఆయన కాళ్ళీడ్చుకుంటూ పడకగదిలోకి వెళ్ళాడు. వెనకే వచ్చి భార్య తలుపు గడియ పెట్టింది. ఆవిడ చేతిలో మీసం ఉంది.

“రేపు షాపు అద్దం మీద కాగితం పీకేస్తాను. నీకు ఆ పరుపేదో కొనేస్తాను” అంటూ ఆయన మంచం మీద కూలబడ్డాడు.

కింద ప్లాస్టిక్ కవరు కరకరమంది.

ఆయన ఉలిక్కిపడి కిందికి చూశాడు.

ఆ పరుపు కొని ఇంకా నెల కూడా కాలేదు.