చూస్తాగా

బస్సు ఉన్నట్టుండి ఆగింది.

డ్రైవరు దిగాడు. ముందు టైరును కాలితో ఓ తన్ను తన్ని, మళ్లీ ఎక్కాడు.

అంతే. అనుమానానికి అది చాలు.

"ఎందుకు ఆపాడు?" అన్నాడు మేనేజరు.

"టైరు చూసుకున్నాడు సార్," అన్నాడు కెప్టెన్.

"టైరే చూసుకున్నాడో, ఇంకేం చూసుకున్నాడో!"

అంతర్జాతీయ క్రీడోత్సవం అది. ఇరవై మూడేళ్ల లోపు కుర్రాళ్ల ఫుట్‌బాల్. రేపే ఫైనల్. అదీ ఆతిథ్య దేశం జట్టుతో. బస్సు ఆ దేశం వాళ్లిచ్చిందే, డ్రైవరూ ఆ దేశం వాడే. టైముకి స్టేడియం చేరకపోతే ఆడకుండానే ఓడినట్టు లెక్క. మేనేజరుకి ముద్ద దిగడం లేదు.

సాయంత్రం నూనె బాబాయ్ పరిగెత్తుకొచ్చాడు. కుర్రాళ్ల కాళ్లకి మాలిష్ చేసే ఆయన. చేతులు ఎంత చురుకో చెవులు అంతకు రెట్టింపు.

"సార్, నా చెవులారా విన్నాను. బస్సు వెనకాల నక్కి డ్రైవరు ఫోన్లో గుసగుసలు!"

"ఏమంటున్నాడు?"

"నువ్వేం భయపడకు, రేపు నేను చూస్తాగా అంటున్నాడు సార్."

మేనేజరు కుర్చీలోంచి లేచాడు.

"చూస్తాగా అన్నాడా? మన అంతు చూస్తాడన్నమాట!"

పొద్దున్నే, జట్టు బస్సెక్కక ముందే డ్రైవరుని నిలదీశారు.

"నిన్న ఎవరితోనయ్యా ఫోను?"

"మావాడితో సార్."

"మీవాడా? అంటే అవతలి జట్టు మనిషేగా!"

డ్రైవరు చుట్టూ నిలబడ్డ కుర్రాళ్లని చూశాడు.

"ఇప్పుడు చెబితే నమ్మరు సార్. ఆట అయ్యాక నేనే చెబుతాను."

"ఆట అయ్యాక చెప్పడానికేముంది, అయిపోయాక?"

కెప్టెన్ ఆగలేకపోయాడు. "సార్, ఆయన మంచోడే సార్. ప్రతి మ్యాచ్‌కీ టైముకే తెచ్చాడు."

"ఇన్నాళ్లూ టైముకి తెచ్చింది ఈ ఒక్క రోజు కోసంరా, పిచ్చి సన్నాసీ!"

మంచిగా ఉండటమే నేరమయ్యాక మనిషి ఇంకేం చేసి చావాలి?

మేనేజరు ఫిర్యాదు చేశాడు. సెక్యూరిటీ వాళ్లిద్దరు వచ్చి బస్సు తాళాలు అడిగారు. ఇచ్చేశాడు. మెడలో కార్డు అడిగారు. అప్పుడు మాత్రం దాన్ని గుప్పిట్లో బిగించుకున్నాడు.

అక్కడ మనిషికి మొహంతో పని లేదు. మెడలో కార్డే మొహం. అది లేనివాణ్ణి స్టేడియం ఛాయలకు కూడా రానివ్వరు.

"బస్సు తీసేసుకోండి సార్. కావాలంటే ఉద్యోగమూ తీసేయండి. కార్డు మాత్రం సాయంత్రం దాకా ఉండనివ్వండి."

"చూశారా! లోపలికి దూరాలి వీడికి. అక్కడే ఉంది కిటుకంతా!"

కార్డు లాగేసుకున్నారు.

పోతూ పోతూ డ్రైవరు కొత్తగా వచ్చిన డ్రైవరు దగ్గర ఆగాడు.

"బ్రేకు మెల్లగా తొక్కు తమ్ముడూ. పదో నంబరు బాబుకి మోకాలు బాలేదు."

మేనేజరు నూనె బాబాయ్ చెయ్యి గిల్లాడు.

"విన్నావా? మోకాలి సంగతి కూడా లాగేశాడు దొంగ!"

కొత్త డ్రైవరు దారిలో రెండుసార్లు బ్రేకు దడాల్న తొక్కాడు. పదో నంబరు మోకాలు పట్టుకుని మూలిగాడు. ఆ బ్రేకుల్ని మాత్రం ఎవరూ అనుమానించలేదు.

ఆట భీకరంగా సాగింది. ఆతిథ్య జట్టు గోలు కాచే గోలీ కొండలా నిలబడ్డాడు. కొట్టిన బంతినల్లా పట్టేశాడు. అయితే సందు దొరికినప్పుడల్లా మైదానం మూల వైపు చూశాడు. జట్ల బస్సు డ్రైవర్లంతా కార్డులు వేసుకుని నిలబడే చోటు అది.

"సైగ కోసం వెతుకుతున్నాడు!" మేనేజరు తొడ చరుచుకున్నాడు. "ఏదీ సైగ? సైగ చేసేవాణ్ణి నేను బయట పడేశానుగా!"

ఆఖర్లో మనవాళ్లకి పెనాల్టీ దొరికింది.

పదో నంబరు కుంటుతూ వచ్చి బంతి పెట్టాడు. గోలీ గీత మీద నిలబడ్డాడు. ఆ మూలకి చూశాడు. విజిల్ మోగుతుండగా మరోసారి చూశాడు.

బంతి వలలో పడింది.

గెలిచారు. పతకాలు మెడలో పడ్డాయి. నూనె బాబాయ్ గంతులేశాడు. "మీ బుర్రే బుర్ర సార్!" అంటూ అందరి ముందూ మేనేజరుని ఆకాశానికెత్తాడు.

బస్సు కదలబోతుంటే ఎవరో తలుపు తట్టారు.

ఆ గోలీనే. చేతులకి గ్లోవ్స్ ఇంకా ఉన్నాయి. మోచేతుల నిండా మట్టి. లోపలికి వంగి, డ్రైవరు సీటు వైపు చూశాడు. కొత్త మొహం.

"ఈ బస్సు డ్రైవరు లేడా సార్?"

"పొద్దునే పీకేశాం," అన్నాడు మేనేజరు. "నీకెందుకు?"

"మరి కార్డు?"

"అదీ లాక్కున్నాం. ఏం?"

కుర్రాడికి అర్థమైనట్టు లేదు. మోచేతి మట్టిని గ్లోవ్‌తో తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"నా ఆట ఒక్కటి కూడా ఇంతవరకు చూడలేదు సార్. ఎప్పుడూ స్టీరింగు దగ్గరే. ఆ కార్డుంటే లోపల నిలబడొచ్చని, సెలవు మానుకుని మరీ ఈ డ్యూటీ వేయించుకున్నాడు."

మేనేజరు చెయ్యి తన మెడలోని కార్డు మీదికి పోయింది.



"నిన్న నాకు వణుకు పుట్టి ఫోన్ చేస్తే, నువ్వేం భయపడకు, రేపు నేను చూస్తాగా అన్నాడు," అన్నాడు గోలీ. "కార్డు లేకుండా మరి ఎక్కడ నిలబడి చూసుంటాడు సార్, మా నాన్న?"