ఊరికి వినిపించే ఏడుపు

ఓబులమ్మ నడింట్లో చాప మీద వెల్లకిలా ఉంది. చేతులు రెండూ పొట్ట మీద, చెవుల్లో దూది.

పక్కన కోడలు గంగక్క కూర్చుని ఏడుస్తోంది. చెంపలు తడిశాయి, పైట తడిసింది, ముక్కు ఎర్రబడింది. అన్నీ ఉన్నాయి, ఒక్క శబ్దం తప్ప. పుట్టినప్పటి నుంచీ ఆమె గొంతు అంతే. ఆమె అదిలిస్తే కోడి కూడా లేవదు.

"ఇట్ల ఏడిస్తే ఊరోళ్లు ఏమంటారు?" అన్నాడు మొగుడు సోమప్ప. "పీడ ఇరగడాయెనని కోడలు లోపల్లోపల నవ్వుకుంటాందంటారు."

గంగక్క భయమూ అదే. ఈ ఊళ్లో దుఃఖాన్ని కళ్లతో చూడరు, చెవులతో కొలుస్తారు. పైగా ఆడబిడ్డ తిరుపాలమ్మ ఒకతె. ఆమె బుక్కరాయసముద్రంలో ఏడుపు ఎత్తుకుంటే రాప్తాడులో బస్సు ఆగుతుంది. ఆమె పక్కన గంగక్క ఏడుపు ఎవరికి వినపడాలి? అత్తను కన్నతల్లిలా చూసుకుందన్న పేరు ఒక్క పూటలో మట్టిపాలు.

ఊరంతా కరువు పనికి, కంకర కొట్టడానికి పోయింది. పొద్దుగూకి జనం తిరిగొచ్చేలోపు గంగక్క గొంతు పెగలాలి.

సోమప్ప బడిలో సైన్సు అయ్యవారు. తల్లి పక్కనే స్టీలు పళ్లెం బోర్లించి దాని మీద గుప్పెడు రాగులు చల్లాడు. గరిటెతో మెల్లగా తట్టాడు. రాగులు కాస్త కదిలాయి. ఈసారి గట్టిగా కొట్టాడు. రాగులు ఎగిరి, రెండు ఓబులమ్మ ముక్కు మీద పడ్డాయి. తీయాలని ఎవరికీ తోచలేదు.

"చూస్తివా? పళ్లెం ఎంత ఊగితే సప్పుడు అంత పెద్దది. దాన్నే కంపన పరిమితి అంటారు. నువ్వేమో సన్నగా కీసుమంటాండావు. అది పౌనఃపున్యం, వేరే పాఠం. కడుపులోంచి గాలి తొయ్యల్ల."

"నాకు రాదబ్బా."

"వస్తాది. ఆమె లేని ఇల్లు తలుసుకో."

గంగక్క తలుచుకుంది. అత్త లేని వంటిల్లు, అత్త తిట్టని తెల్లవారుజాము. ఊపిరంతా కూడగట్టుకుంది.

"నన్ను యాడ ఇడ్సి పోతివి అత్తా..."

దూలం మీది పావురాలు లేచిపోయాయి. గడపలో కుక్క వీధిలోకి పరుగెత్తింది. సోమప్ప చెవులు మూసుకున్నాడు.

అప్పుడు ఓబులమ్మ ముక్కు మీది రాగులు దులుపుకుంటూ లేచి కూర్చుని, చెవుల్లో దూది తీసి, "ఇప్పుడు దూదిలో నుంచి ఇనపడిందిలేమ్మే, అయినా నేను నిజంగా పోయిన పొద్దు మా తిరుపాలమ్మ ముందర ఈ మాత్రం సాల్దు, ఇంగోసారి ఏడ్సు" అంది.