ఎండాకాలం స్వెట్టరు

"ఎండలు ముదిరాయంటే చాలు, మా ఆయనకు స్వెట్టరు ఉతికి పెట్టాలి. ఏం ఖర్మో!" అని మేనేజరుగారి భార్య పక్కింటావిడ దగ్గర మొత్తుకునేది.

ఆమె పొయ్యి మీది కూర దించకముందే వంటింటి లైటు ఆర్పేసే ఆ పెద్దమనిషి, ఆఫీసులో మాత్రం ఏసీలన్నీ పెట్టించుకుని, చలికి వణుకుతూ స్వెట్టరు తొడుక్కునేవాడు.

అక్కడ బిల్లు కంపెనీది మరి.

ఒక మధ్యాహ్నం నడివయసు దాటిన ఒకావిడ గొడుగు ముడుస్తూ ఆఫీసులోకి వచ్చింది.

"బాబూ, ఈ ఏసీలు కొన్ని ఆపగలరా? ఇక్కడ అన్నీ వేస్తే అక్కడ..."

మేనేజరు ముఖం చిట్లించాడు. ఈలోగా అకౌంటెంటు ఆయన చెవిలో గొణిగాడు.

"సార్, పొదుపు తనిఖీకి హెడ్డాఫీసు నుంచి చెప్పాపెట్టకుండా మనిషొస్తారన్నారుగా. ఈవిడే అయ్యుంటుంది!"

మేనేజరు కుర్చీలోంచి దిగ్గున లేచాడు.

"అయ్యో, కూర్చోండి మేడమ్! మాకు ఒక్క ఏసీ చాలు. ఏవయ్యా, మిగతావన్నీ ఆపెయ్!"

ఆవిడ ఆశ్చర్యపోయి, రెండు చేతులూ జోడించింది.

"చెప్పకముందే అర్థం చేసుకున్నారు. అదే పదివేలు బాబూ."

ఆవిడ వెళ్లాక, "ఎంత బాగా నటిస్తోంది సార్!" అని అకౌంటెంటు మెచ్చుకున్నాడు.

గొడుగావిడ కథ మేనేజరు ఇంట్లో కూడా చెప్పి నవ్వించాడు.

ఆ తరువాత ఆవిడ అప్పుడప్పుడు గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, నవ్వి వెళ్లేది. కిటికీలు తెరిస్తే గాలి వస్తుందని ఆఫీసులో చాలామందికి ఆ రోజుల్లోనే తెలిసింది. స్వెట్టరు బీరువా ఎక్కింది.

కొన్నాళ్లకు అసలు తనిఖీ అధికారి వచ్చాడు. మెడలో టై, చేతిలో బ్యాగు. భేష్ అని వెళ్లిపోయాడు.

"మరి ఆవిడెవరయ్యా?" అన్నాడు మేనేజరు.

"ఎవరో సార్. పనీపాటా లేని మనిషి."

"దారినపోయే మనిషికి భయపడి ఇన్నాళ్లు ఉక్కపోతలో చచ్చామా!"

మర్నాడు ఏసీలన్నీ మోగాయి. స్వెట్టరు బీరువా దిగింది.

మధ్యాహ్నం ఆవిడ పరుగెత్తుకొచ్చింది. గొడుగు లేదు. కాళ్లకు చెప్పులూ లేవు.

"బాబూ, ఆపండి! తొందరగా..."

"మీ వేషాలు తెలిసిపోయాయమ్మా. అంత పొదుపు కావాలంటే వెళ్లి మీ ఇంట్లో ఆపుకోండి."

అంతలో లైట్లు ఆరిపోయాయి. మరుక్షణం జనరేటరు అందుకుంది.

"చూశారా? కరెంటు పోయినా మాకేం ఢోకా లేదు."

ఆవిడ ఒక్కసారి ఆ వెలుగు వంక చూసి, వచ్చిన దారినే పరుగెత్తింది.

వారం తిరిగాక గుమ్మంలో మళ్లీ కనబడింది.

"ఇక అన్నీ వేసుకోండి బాబూ. నేను రాను."

కోపంగా అనలేదు. పక్కింట్లో తాళంచెవి ఇచ్చి వెళ్తున్నంత మామూలుగా అనేసి వెళ్లిపోయింది.

"హమ్మయ్య, రాజీనామా!" అన్నాడు అకౌంటెంటు. అందరూ నవ్వారు.

ఆ సాయంత్రం పెద్ద ట్రాన్స్‌ఫార్మరు బిగించడానికి వచ్చిన లైన్‌మన్ మంచినీళ్లకోసం లోపలికి వచ్చాడు.

"మీకూ వెనక సందుకూ కలిపి ఒకటే సార్. మీ ఏసీలన్నీ వేస్తే పాతది తట్టుకోలేదు. మీకంటే జనరేటరుంది. ఆ సందులో ఒకావిడ భర్త మిషను పెట్టుకుని ఊపిరి తీసుకునేవాడట. కిందటి వారం కరెంటొచ్చేలోగానే పోయాడు."



మేనేజరు ఇంటికి వచ్చాక భార్య చెయ్యి చాపింది.

"ఇటివ్వండి ఆ స్వెట్టరు, ఉతికి పడేస్తాను. రేపు మళ్లీ మీకు చలికాలమేగా!"

ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయాడు.

"తప్పు నాదేనే. ఆ గొడుగావిడ వచ్చింది పొదుపు కోసం కాదు, మొగుడి ఊపిరి కోసం."