భాగ్యమ్మ ఇంటికి మొదటి పెట్టె

డిసెంబరు ముప్పైఒకటి దాటితే పాత కేబులులో బొమ్మ రాదని సర్కారు తేల్చి చెప్పేసింది. డిజిటల్ పెట్టె ఉన్న ఇంట్లోనే టీవీ నడుస్తుంది. ఎమ్మిగనూరులో కేబులు నడిపే లక్ష్మప్ప ముందుచూపు కొద్దీ ఎనభై పెట్టెలు తెప్పించి ఇంట్లో పేర్చాడు. అవి అటకెక్కి, మంచమెక్కి, చివరికి వంటింట్లోకీ వచ్చాయి. ఇవి పోతాయా, నేను పోవాలా అని భార్య రోజూ అడుగుతోంది.

ఆ ఎనభై పెట్టెలూ నేతగాళ్ళ వీధి కోసం. ఆ వీధి చేజారితే లక్ష్మప్ప తన పదిహేనేళ్ళ కేబులుకు నీళ్ళు వదులుకోవాల్సిందే. సరిగ్గా ఆ వీధి మీదే విజయ్ కన్ను పడింది. ఆదోనిలో డిష్షులమ్మే కుర్రవాడు. రోజూ పొద్దున బస్సు దిగి, చంకలో డిష్షు పెట్టుకుని వీధి మొదట్లో నిలబడేవాడు.

ఇద్దరికీ వీధి ఒకటే జవాబు చెప్పింది. భాగ్యమ్మ ఏది పెట్టించుకుంటే తమకూ అదే.

నూలు మంచిదా కాదా, రంగు నిలుస్తుందా పోతుందా, సొసైటీ ఎన్నికల్లో ఓటెవరికి, అన్నీ భాగ్యమ్మే చెప్పాలి. అరవై దాటినా ఇంకా మగ్గం గుంతలోకి దిగే మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ.

లక్ష్మప్ప ధైర్యం లక్ష్మప్పకుంది. వీధికంతా వైర్లు పోయే ఇనుప పైపు ఆమె మిద్దె మీదే పాతాడు. అందుకు బదులుగా ఆమెకు మొదటినుంచీ కనెక్షన్ ఉచితం. వైరు మిద్దె అంచు దాకా లాగి ఇచ్చేశాడు, నెలనెలా ఆ గడప తొక్కే పని పడలేదు. పైగా ఇన్నేళ్ళలో బొమ్మ రాలేదని ఒక్కసారైనా ఫోను చేయని ఇల్లు ఊరు మొత్తం మీద అదొక్కటే. ఎంత సర్దుకుపోయే మనిషి అని లోలోపల మురిసిపోయేవాడు.

బేరాలన్నీ మగ్గం ముందరే. మగ్గం ఆడుతుంటే పరాయివాళ్ళు దాన్ని దాటి లోపలికి పోకూడదు. అది ఆ ఇంటి పద్ధతి.

తన డిష్షులో బొమ్మ అద్దంలా ఉంటుందని విజయ్ ఊదరగొట్టాడు.

"బొమ్మదేముంది నాయనా, మాట బాగా ఇనపడాల. ఈ మగ్గం సప్పుట్లో ఎవురి మాటైనా సగమే ఇనపడతాది" అంది భాగ్యమ్మ.

వానొస్తే డిష్షు పనిచేయదని లక్ష్మప్ప అందుకున్నాడు.

"మనూర్లో వాన యాడొస్తాదప్పా. వచ్చిన దినం టీవీ ఎవురు సూస్తారు, వాననే సూస్తారు" అందామె.

ఇక మాటలతో కాదని ఇద్దరూ పనులకు దిగారు. డిష్షు బిగించడానికి మిద్దె చూస్తానని ఎక్కిన విజయ్, కారుతున్న చోటల్లా సిమెంటు పూసి దిగాడు. లక్ష్మప్ప మగ్గం గదికి కొత్త వైరింగు చేయించాడు. సొసైటీ నుంచి నూలు మూటలు తన మోటారు సైకిలు మీదే మోశాడు. భాగ్యమ్మ ఇద్దరికీ టీ ఇచ్చింది. చూద్దాం అంది. ఆ మాట నెలన్నర అంది.

క్రిస్మస్ ముందు రోజు ఆమె మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె ఆపింది.

"పైపు నా మిద్దె మీద ఉండంగా ఇంగొగురి డిష్షు గొడుగు మనకెందుకు. లక్ష్మప్ప పెట్టెనే పెట్టించుకుంటా. మొదటిది నా ఇంట్లోనే పెట్టాల. ఈడ బొమ్మ పడినాకే తక్కినోళ్ళకు."

సంతోషంతో లక్ష్మప్పకు ఏడుపొక్కటే తక్కువ. "నీ ఇంట్లో బొమ్మ పడేదాకా పూచీ నాదక్కా" అని వీధి వాళ్ళందరి ముందూ మాటిచ్చేశాడు. విజయ్ డిష్షు చంకన పెట్టుకుని ఆదోని బస్సెక్కాడు. పాపం, అతని సిమెంటు మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

అమావాస్య వచ్చింది. ఆ రోజు వీధిలో మగ్గాలు ఆడవు. లక్ష్మప్ప తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెట్టెకు కుంకుమ బొట్టు పెట్టి పట్టుకొచ్చాడు. గడప బయట వీధంతా నిలబడింది. ఇక్కడ బొమ్మ పడితే మిగతా పెట్టెలన్నీ సాయంత్రానికి ఇల్లు వదులుతాయి, భార్య ఇంట్లో ఉంటుంది.

పదిహేనేళ్ళలో మొదటిసారి మగ్గం దాటి లోపలి గదిలోకి అడుగుపెట్టాడు. అలికి ముగ్గేసిన గది. భాగ్యమ్మ గోడ గూడులో తాను నేసిన కొత్త గుడ్డ పరిచి పెట్టింది. పెట్టె అందుకుని దాని మీద పదిలంగా పెట్టి, రెండడుగులు వెనక్కేసి చూసుకుంది. లక్ష్మప్ప ఎర్ర, పసుపు, తెల్ల వైర్లు విప్పి చేతిలో పట్టుకున్నాడు.

భాగ్యమ్మ ఆ వైర్లకేసి, ఆయనకేసి చూసి, బయట వీధికంతా వినపడేలా అడిగింది.

"పెట్టె బాగుండాదప్పా, మరి టీవీ ఎప్పుడు తెస్తాండావు?"