ఇంజను ముందు దీపం

నర్సీపట్నంలో కొత్త హోటలు ముందు అలంకారానికి పాత ఆవిరి ఇంజను తెచ్చి నిలబెట్టారు. దానికి హెడ్‌లైటు బిగించిన ఎలక్ట్రీషియన్ ధర్మతేజ, మొదటి స్విచ్ వెయ్యమని తాతాజీని పిలిచాడు. అలాంటి ఇంజన్లు నడిపిన డ్రైవరు ఆ ఊళ్లో ఇప్పుడు ఆయనొక్కడే.

తాతాజీ స్విచ్ మీద వేలు పెట్టి, మళ్లీ తీసేశాడు.

"దీన్ని ఇప్పేసి కిరసనాయిలు దీపం ఎట్టరా బాబూ."

"దాని ఎలుగు ఎంత దూరమొస్తాదండీ?"

"పది గజాలు. ఎదర ఏటుందో మాకు అగుపడదు. మేం వస్తన్నామని అవతలోళ్లకి తెలుస్తాది, అంతే."

"మరి కరెంటు లైటే నయం కదండీ! పట్టాలన్నీ పట్టపగల్లాగ అగుపడతాయి."

"అగుపడతాయి."

ఆయన ఇంజను మెట్టు మీద కూలబడ్డాడు. మోకాళ్ల నొప్పులనుకుని ధర్మతేజ మంచినీళ్లిచ్చాడు.

"నూనె దీపం రోజుల్లో బండికి ఏటైనా తగిలితే, తెల్లారి షెడ్డులో ఇంజను కడిగినోళ్లు సెప్పేవోరు. గేదో, మనిసో. నాను టీ తాగేసి తొంగుండిపోయేవోణ్ణి."

గ్లాసు తాగకుండానే పక్కన పెట్టాడు.

"కరెంటు లైటు ఎట్టిన నెల్లోనే, పట్టాల మీద ఒక ఆడమనిసి. బ్రేకేసినా బండి ఆగడానికి అర మైలు కావాల. లైటు పావు మైలే సూపిస్తాది. ఎలుగు కళ్లల్లో కొట్టి, ఎటు తప్పుకోవాలో తెలీక, సెయ్యి అడ్డం ఎట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ సేతికున్న గాజులు కూడా అగుపడ్డాయిరా."