ఇగ్నాజ్ బిగింపు

"ఇదేంటి బాబాయ్?"

కొండపైన లిఫ్టు దిగిన చోట, మంచులో మోకాళ్ళ మీద కూర్చున్న వ్రోనీ తన స్నోబోర్డు మీది స్క్రూని వేలితో తిప్పింది. అది వేలికే తిరిగింది.

ఇగ్నాజ్ నవ్వాడు. "చలికి వదులై ఉంటుందిలే. ఇటివ్వు."

బోర్డును అంచు మీద నిలిపి, ఒళ్ళు మంచుకు తగిలేంత వంగి మలుపు తిరిగేవాళ్ళకు, బూట్లను బోర్డుకు పట్టి ఉంచే ఆ స్క్రూలే ప్రాణం. వ్రోనీ వాళ్ళ జట్టులో ఎవరి స్క్రూలు వాళ్ళు బిగించుకోరు. ఇరవై ఏళ్ళుగా అందరివీ ఇగ్నాజే బిగిస్తాడు. ఆయన చెయ్యి పడ్డాక మళ్ళీ చూసుకోవడమంటే ఆయన్ని అవమానించడమే.

స్క్రూడ్రైవరు ఆయన కుడిచేతిలోంచి జారి మంచులో పడింది. ఎడంచేత్తో తీశాడు.

"ఎప్పట్నుంచి ఇలా?"

"మంగళవారం నుంచి వేళ్ళకి స్పర్శ తెలీట్లేదమ్మా. చెప్తే నన్ను ఇన్స్‌బ్రుక్ ఆస్పత్రికి తోలి, ఈ స్క్రూడ్రైవరు లాక్కుంటారుగా!"

"పొద్దున ఎవరెవరివి బిగించావ్?"

"అందరివీ," అన్నాడు ఇగ్నాజ్, చాలా మెల్లగా.

వ్రోనీ చటుక్కున లేచింది. కింద, వాలు నిటారయ్యే చోట, మిగతా ఐదుగురూ వరసగా నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు కాస్పర్.

"ఆగండి! దిగొద్దు!"

గాలికి మాటలు చెదిరిపోయి కేక ఒక్కటే వాళ్ళకు చేరింది. మొదటివాడు దిగేటప్పుడు పైనున్నవాళ్ళు కేకవేసి ఉత్సాహపరచడం ఆ జట్టు అలవాటు.

ఐదుగురూ చేతులెత్తి తిరుగు కేక వేశారు.

వ్రోనీ గొంతు చించుకుని అరిచింది. వాళ్ళూ అంతకంటే గట్టిగా అరిచారు. ఆ హుషారులో కాస్పర్ ముందుకు దూకి, మొదటి మలుపులోనే మంచును చేత్తో తాకేంతగా వంగాడు.