శంఖం మీద ఫిర్యాదు

సామెతల మాస్టారి మీద ఫిర్యాదు వచ్చిందన్న కబురు మధ్యాహ్నానికల్లా కాలేజీ అంతా పాకిపోయింది.

క్లాసులో పిల్లలు పాఠం వినడం లేదని, "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని" అన్నారట. వినపడనివాళ్ళని అలా కించపరచవచ్చా అని, పేరు చెప్పని విద్యార్థి ఎవరో ఆఫీసుకి ఫోన్ చేశాడు. వెంటనే కమిటీ వేశారు. మాస్టారి రిటైర్మెంటు దగ్గర పడింది. ఇప్పుడు మచ్చ పడితే ఇక చెరిగేది కాదు.

మెట్ల కింద ఉన్న ఆయన గదికి అంతవరకూ దారి తెలిసినవాళ్ళే తక్కువ. ఇప్పుడు కుర్చీలు చాల్లేదు. పక్క గదిలోంచి అడిగి తెచ్చుకున్నారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం, క్షమాపణ చెప్పేయండని చరిత్ర మేడమ్ నచ్చజెప్పింది. సామెతలన్నీ కడిగి ఆరేసుకుంటూ పోతే భాషలో మిగిలేది తడేనని లెక్కల లెక్చరర్ ఎగిరాడు. వాళ్ళిద్దరూ వాదించుకుంటుంటే మాస్టారు ఇద్దరికీ టీ పోశారు.

ఒకరోజు చివరి వరుసలో కూర్చునే అమ్మాయి వచ్చింది.

"ఫోన్ చేసింది నేను కాదు సార్. కానీ ఎవరు చేసినా మంచి పనే చేశారు."

"కూర్చోమ్మా."

"మా తమ్ముడికి వినపడదు. ఆ సామెత ఎవరన్నా వాడికి తెలీదు. పక్కనున్న నాకు వినపడుతుంది కదా."

మాస్టారు ఆమెకీ టీ పోశారు. తర్వాత ఆ తమ్ముడి గురించి అడిగారు. వాడు చేతులతో జోకులెలా వేస్తాడో ఆమె చేసి చూపించింది. అక్క తిట్టబోతే చటుక్కున కళ్ళు మూసేసుకుంటాడట, ఇక తిట్లు అందవు. మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆ సామెత ఇక తన నోట రాదని మాటిచ్చారు.

కమిటీ ముందు కూడా తప్పు ఒప్పుకున్నారు. కావాలంటే మళ్ళీ వచ్చి ఇంకా వివరంగా మాట్లాడతానన్నారు.

"అక్కర్లేదు మాస్టారూ," అన్నారు ప్రిన్సిపాల్‌. "క్లాసులో అందర్నీ అడిగాం. ఆవేళ మీరేమన్నారో ఒక్కరికీ గుర్తులేదు. నిశ్చింతగా ఇంటికెళ్ళండి."

ఇంటికెళ్ళి తాళం తీశారు. భార్య పోయినప్పటినుంచీ ఆ తాళం తీసేది ఆయనే, వేసేది ఆయనే.

కుర్చీలు పక్క గదికి వెళ్ళిపోయాయి. మేడమ్ వరండాలోంచే చెయ్యి ఊపి సాగిపోయేది. ఆ అమ్మాయి పరీక్షల చదువులో పడిపోయింది. కెటిల్ నిండా పెట్టిన నీళ్ళు సగానికిపైగా పారబోయాల్సి వచ్చేది.

ఒక సోమవారం పొద్దున మాస్టారు గది తలుపు దగ్గరగా వేసి, ఫోన్ అందుకుని, పోయినసారి లాగే కుర్రగొంతు పెట్టి, పేరు చెప్పకుండా, "సామెతల మాస్టారు ఈసారి క్లాసులో గుడ్డెద్దు చేలో పడ్డట్టు అన్నారండీ" అని ఫిర్యాదు చేశారు.